అయస్కాంత మోటారు - రెండు బ్యాటరీలు - ఒక బల్బు

యీ సంవత్సరం సావనీరులో సైన్సు వ్యాసం ఒకటి తప్పకుండా వుండాలని సంపాదకవర్గంలోని మిత్రులు పట్టుబట్టారు. క్వాంటం సిద్ధాంతం మీద రాయమన్నారు గాని, దాని మీద మంచి పుస్తకాలు మన లైబ్రరీలోనే బోలెడున్నాయి. మా పెదనాన్న పొలం దగ్గర మొదలై, నందిగామలో ఒక మోటారు వైండింగ్ షాపులో తేలిన సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. కనుక అదే రాస్తున్నాను.

మాది జగ్గయ్యపేట దగ్గర ఒక పల్లె. 2022 ఏప్రిల్ నుంచి మా ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో చేరింది గాని, మా వాళ్ళ నోట యిప్పటికీ అది కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతమే. సాగర్ ఎడమ కాలువ చివరి భూములు మావి. కాలువకు నీళ్ళొచ్చిన ఏడు పండగ; రాని ఏడు వాగూ, బోరూ, ఆపైన దేవుడూ. పెదనాన్నకు వాగు అవతల రెండెకరాల మిర్చి చేను వున్నది. అక్కడికి కరెంటు లైను లేదు. స్తంభాలు వేయించుకొనే ఖర్చుకు జడిసి ఆయన యిన్నాళ్ళూ ఆయిలింజనుతోనే నీళ్ళు తోడుకొంటున్నాడు.

2023 ఏప్రిల్లో సెలవులకు వెళ్ళేసరికి ఆయన మహా హుషారుగా వున్నాడు. "ఒరే, నీ ఎమ్మెస్సీలో చెప్పని కరెంటు వచ్చిందిరా. డీజిలు అక్కర్లా, ఎండ అక్కర్లా, బిల్లు అంతకన్నా లేదు. అయస్కాంతాలే తిప్పుతయ్" అన్నాడు. తీరా అడిగితే సంగతేమంటే, ఎవరో ఒకాయన సైకిలు చక్రానికి అయస్కాంతాలు అంటించి, పక్కన తీగచుట్ట పెట్టి, రెండు బ్యాటరీలు తగిలించి తిప్పి చూపించాడు. ఒక బ్యాటరీ చక్రాన్ని తిప్పుతుంది. చక్రం రెండో బ్యాటరీని నింపుతుంది. మొదటిది నీరసించగానే రెంటినీ అటుదిటు మార్చుకోవటమే. యిదే పెద్దగా చేస్తే అయిదు హార్సుపవరు మోటారు నడుస్తుందట. పెదనాన్న ఇరవై వేలు అడ్వాన్సు యిచ్చేశాడు. మిర్చి అమ్మగానే మరో లక్షా ముప్ఫై వేలు యివ్వాలి. కాయలు అప్పటికే కల్లంలో ఎండుతున్నాయి.

"అది జరిగేది కాదు పెదనాన్నా. శక్తి నిత్యత్వ సూత్రం ఒప్పుకోదు" అన్నాను. "సూత్రం సంగతి నాకు తెలవదు. తిరగటం నేను కళ్ళారా చూశా" అన్నాడు. కళ్ళతో చూసినదాన్ని పుస్తకం తెరిచి కాదనటం చాలా కష్టం. అదే యంత్రం నేను చేసి చూపిస్తాను, అందాకా మిగతా డబ్బు యివ్వవద్దని మాట తీసుకొన్నాను. నెల రోజులు గడువు.

యీ ఆశ యివాళ్టిది కాదు. 1150 ప్రాంతంలో మన భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో ఒక చక్రాన్ని వర్ణించాడు. తేలిక కర్రతో చక్రం చేసి, అంచున బోలు గొట్టాలు కొంచెం వాలుగా బిగించి, వాటిలో సగానికి పాదరసం పోస్తే అది తనంతట తానే తిరుగుతుందన్నాడు. తర్వాత యూరపులో యిట్లాంటి చక్రాలు ఎన్ని వచ్చాయంటే, ఫ్రెంచి సైన్సు అకాడెమీ వారు 1775లో యిక ఆగకుండా తిరిగే యంత్రాల ప్రతిపాదనలు పరిశీలించేది లేదని తీర్మానించుకొన్నారు. పాదరసం పోయి అయస్కాంతం వచ్చింది. కోరిక మాత్రం అదే.

మా పెదనాన్న చూసిన నమూనా అమెరికాలోని ఇడాహో రాష్ట్రంలో వుండిన జాన్ బెడినీ అనే ఆయనది. ఆయన 2016లో చనిపోయారు. ఆయన పేర 2002లో అమెరికా పేటెంటు గూడా వున్నది. యీ పేటెంటు నంబరు చూపించే అమ్మకందార్లు జనాన్ని నమ్మిస్తున్నారు. పేటెంటు అంటే ఒక అమరిక కొత్తదని యిచ్చే హక్కుపత్రమే గాని, పెట్టినదానికంటే ఎక్కువ వస్తుందని ఎవరో కొలిచి యిచ్చిన సర్టిఫికెట్టు కాదు. మన దేశపు 1970 పేటెంటు చట్టం మూడో సెక్షను మొదటి అంశంలోనే, స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనది పేటెంటుకు అర్హం కాదని వుంది.

యిక యంత్రం సంగతి. నందిగామలో బోరు మోటార్లకు వైండింగు కట్టే మేస్త్రి ఒకాయన మా నాన్నకు ఎరిక. ఆయన షాపులో ఒక మూల యిచ్చాడు. పిల్లల సైకిలు చక్రం ఒకటి పాత సామాన్లలో దొరికింది. పాడైన లౌడు స్పీకర్ల ఫెర్రైటు అయస్కాంతాలను ముక్కలు చేసి, అన్నిటి ఉత్తర ధ్రువమూ బయటికి వుండేటట్లు రిమ్ముకు పదహారు అంటించాం. వెల్డింగు రాడ్ల మీది మందు రాలగొట్టి, కట్టగా కట్టి కోరు చేశాం. దాని మీద రెండు ఇనామెలు తీగలు, ఒకటి లావు ఒకటి సన్నం, జంటగా ఎనిమిది వందల చుట్లు. మేస్త్రి ఒక్క పూటలో చుట్టేశాడు. నేనైతే వారం పట్టేది. 2ఎన్3055 ట్రాన్సిస్టరు, రెండు డయోడ్లు, ఒక రెసిస్టరు, ఒక చిన్న నియాను బల్బు విజయవాడ నుంచి తెచ్చుకొన్నాను. ఒకే తయారీవి, కొత్తవి, 12 వోల్టుల 7 ఆంపియర్-గంటల బ్యాటరీలు రెండు.

పనిచేసే తీరు యిది. చక్రం మీది అయస్కాంతం దగ్గరకు వస్తుంటే కోరులోని ఇనుము దాన్ని లాగుతుంది. అయస్కాంతం కోరును దాటబోయే క్షణంలో సన్నతీగలో వోల్టేజి పుడుతుంది. యిది 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణే, మనం ఇంటరులో చదివినదే. ఆ చిన్న వోల్టేజి ట్రాన్సిస్టరును తెరుస్తుంది. అప్పుడు మొదటి బ్యాటరీ నుంచి లావుతీగలోకి కరెంటు పారి, కోరు అయస్కాంతమై, దాటుతున్న అయస్కాంతాన్ని అవతలికి నెడుతుంది. వెంటనే ట్రాన్సిస్టరు మూసుకొంటుంది. పారుతున్న కరెంటు ఒక్కసారిగా ఆగిపోయేసరికి లావుతీగలో వందల వోల్టుల పోటు లేస్తుంది. నీళ్ళు పారుతున్న గొట్టాన్ని చటుక్కున మూస్తే గొట్టం దడదడలాడినట్లన్న మాట. ఆ పోటును డయోడు ద్వారా రెండో బ్యాటరీకి పంపటమే యీ మోటారులోని విశేషం. రెండో బ్యాటరీ తగిలించటం మరిస్తే ఆ పోటుకు ట్రాన్సిస్టరు పోతుంది. అందుకే నియాను బల్బు అడ్డం పెట్టేది. నేను ఒకసారి ఆ కొసను చేత్తో తాకి, ఆ సాయంత్రమంతా భుజం రుద్దుకొంటూ కూర్చున్నాను.

యిక్కడ ఒక మాట. చక్రాన్ని తిప్పేది అయస్కాంతం కాదు. వాగు దాటే బండి అటు గట్టు దిగేటప్పుడు ఎంత జోరు తెచ్చుకొంటుందో, యిటు గట్టు ఎక్కేటప్పుడు అంతా వదులుకోవాలి. కోరు వైపు వచ్చేటప్పుడు అయస్కాంతం పొందినదాన్ని, కోరు విడిచి పోయేటప్పుడు తిరిగి కట్టవలసిందే. యీ లెక్కలో మిగులు సున్న. గట్టు ఎక్కించే ఎద్దు మొదటి బ్యాటరీయే.

యిదంతా తెలిసిన వాణ్ణే. ఐనా మోటారు తిరగటం మొదలు పెట్టాక నాకే మతి పోయింది. రెండు బ్యాటరీలూ నిండుగా పెట్టి, రెండు గంటలకొకసారి మారుస్తూ, రోజుకు పది గంటల చొప్పున తిప్పాను. మార్చినప్పుడల్లా మీటరు పెట్టి వోల్టులు నోటుబుక్కులో రాసుకొన్నాను. నింపుకొంటున్న బ్యాటరీ 13 వోల్టుల దాకా పోయేది. అలసిన బ్యాటరీ గూడా రాత్రి విశ్రాంతి తీసికొని తెల్లారేసరికి కొంత పుంజుకొనేది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు! మూడో రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఒకవేళ పెదనాన్నే రైటేమో, నేను చదివిందే తప్పేమో అనిపించింది. నవ్వకండి. ఆ మీటరు ముందు కూర్చుంటే మీకూ అనిపిస్తుంది.

నాలుగో రోజు పొద్దున్నే చక్రం ఈడుస్తూ ఈడుస్తూ ఆగిపోయింది. మేస్త్రి నా నోటుబుక్కు చూసి, "బాబూ, వోల్టులు చూసి బ్యాటరీ కొంటే మేం ఎప్పుడో మునిగిపోయేవాళ్ళం. లోడు పెట్టి చూడు. ఎంతసేపు లాగుద్దో అదే దాని సరుకు" అన్నాడు. రెండేళ్ళు ఎమ్మెస్సీ చదువుతున్న నాకు తట్టని మాట అది. వోల్టు అంటే ఎత్తు. నీళ్ళ పరిమాణం కాదు. చెంబుడు నీళ్ళను మిద్దె మీద పెట్టినా ఎత్తు ఎత్తే, చెరువుడు నీళ్ళను పెట్టినా ఎత్తు ఎత్తే. అందులోనూ సీసపు బ్యాటరీలో, ఛార్జి అవుతుండగా పలకల పైపొర దగ్గర గంధకామ్లం చిక్కబడి వోల్టేజి పైకి కనిపిస్తుంది. లోపల మాత్రం ఖాళీ. రాత్రి పుంజుకోవటం గూడా యిట్లాంటిదే. ఆమ్లం మెల్లగా పలకల్లోకి సర్దుకోవటమే గాని, కొత్త శక్తి ఎక్కడి నుంచీ రాలేదు.

యంత్రమంతా బస్సులో వేసుకొని, చిల్లకల్లులో దిగి, ఆటోలో ఊరికి తెచ్చాను. పరీక్ష పెదనాన్న వసారాలో, ఆయన కళ్ళ ముందే జరగాలి. 12 వోల్టుల 5 వాట్ల మోటారుబండి బల్బు ఒకటి తీసికొన్నాను. మొదట, ఛార్జరుతో నింపిన బ్యాటరీకి దాన్ని తగిలించి, వోల్టేజి 10.8కి పడేదాకా వుంచాం. సాయంత్రం ఆరింటికి వెలిగించినది మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు ఆ హద్దుకు వచ్చింది. పదిహేనున్నర గంటలు. రెండో బ్యాటరీ గూడా దాదాపు అంతే లాగింది. తర్వాత మొదటి దాన్ని మళ్ళీ ఛార్జరుతో నింపి, రెండోదాన్ని ఖాళీగానే వుంచి, మోటారు తిప్పాం. పొద్దున ఆరింటికి మొదలు పెడితే సాయంత్రం నాలుగూ నలభైకి మొదటి బ్యాటరీ అయిపోయింది. తీసుకొన్న కరెంటు సుమారు 0.6 ఆంపియరు, అవతలికి పోయినది సుమారు 0.2. ఆపేసరికి రెండో బ్యాటరీ మీద 13 వోల్టులు. పెదనాన్న నావంక చూసి మీసం దువ్వుకొన్నాడు. ఆరింటికి 12.3. అప్పుడు అదే బల్బు తగిలించాం.

భోజనాలయ్యాయి. ఆయన మంచం బల్బు పక్కనే వేయించుకొన్నాడు. పదీ ముప్పావుకు బల్బు ఎర్రబడి, మీటరు 10.8 చూపించింది. నాలుగూ ముప్పావు గంటలు. పదిహేనున్నరకు నాలుగూ ముప్పావు, అంటే నూటికి ముప్ఫై వంతులు.

మిగతా డెబ్బై ఎటు పోయాయి? చెయ్యి పెడితే తెలుస్తుంది: కాయిలు వెచ్చన, ట్రాన్సిస్టరు వెచ్చన. చక్రం గాలిని కోసుకొంటూ పోయింది కొంత, బేరింగుల రాపిడి కొంత, బ్యాటరీ నింపటంలో పోయేది మరికొంత. నా నందిగామ మూడు రోజుల ముచ్చట గూడా యిందులోనే తేలిపోయింది. మోటారు సెకనుకు 7.3 జౌళ్ళు తింటున్నది. తిరిగి పనికివచ్చేటట్లు యిచ్చేది దాదాపు 2.2. నికరంగా పోయేది 5.1 వాట్లు. రెండు నిండు బ్యాటరీల సరుకు 155 వాట్-గంటలు. భాగిస్తే ముప్ఫై గంటలు, సరిగ్గా రోజుకు పది చొప్పున మూడు రోజులు! నేను నిద్ర మాని అబ్బురపడినది యీ భాగహారాన్ని చూసి.

మా యంత్రం నాసిరకమని ఎవరైనా అనవచ్చు. మంచి యంత్రాన్ని గూడా కొలిచారు. అమెరికాలో మిసిసిపీకి చెందిన జోసెఫ్ న్యూమన్ తన మోటారుకు పేటెంటు యివ్వలేదని కోర్టుకెక్కితే, 1986లో అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ దాన్ని తెప్పించి పరీక్షించింది. సామర్థ్యం 26 నుంచి 67 శాతం మధ్య వచ్చింది. ఒక్కసారి గూడా నూరు దాటలేదు. డబ్లినులో స్టియోర్న్ అనే కంపెనీ 2006లో పత్రికా ప్రకటన యిచ్చి మరీ పరీక్షకులను పిలిస్తే, వాళ్ళు 2009లో శక్తి ఉత్పత్తి అయినట్లు కంపెనీ చూపించలేకపోయిందని తేల్చారు.

పెదనాన్నకు న్యూమన్ అక్కర్లేదు. "సరేరా, ముప్ఫై వంతులైనా వచ్చింది గదా. పెద్దది చేస్తే నీళ్ళు రావా?" అన్నాడు. దానికి వేరే లెక్క చెప్పాను. మా మోటారు అవతలికి పంపినది 2.6 వాట్లు. ఒక లీటరు నీటిని పది మీటర్లు ఎత్తటానికి 98 జౌళ్ళు కావాలి. ఏ నష్టమూ లేకపోయినా నిమిషానికి లీటరున్నర నీళ్ళు వస్తాయి. అయిదు హార్సుపవరు అంటే 3,730 వాట్లు. యిట్లాంటి చక్రాలు పద్నాలుగు వందలు తిప్పాలి, వాటి కింద పద్నాలుగు వందల బ్యాటరీలను రోజూ ఎవరో నింపాలి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ ముప్ఫై వంతులు ఎక్కడియ్యిరా?" అని అడిగాడు. యిది మా క్లాసులో ఎవరూ అడగని మంచి ప్రశ్న. అవి మొదటి బ్యాటరీవి, మొదటి బ్యాటరీకి ఛార్జరువి, ఛార్జరుకు గోడలోని ప్లగ్గువి, ప్లగ్గుకు ఎక్కడో కాలిన బొగ్గువో, డ్యాములో దూకిన నీళ్ళవో. "అంటే ఆ లైనే నా చేనుకు రావాలన్న మాట" అన్నాడు.

మిగతా లక్షా ముప్ఫై వేలు ఆయన యివ్వలేదు. అడ్వాన్సు ఇరవై వేలు తిరిగి రాలేదు. ఫోను కొన్నాళ్ళు మోగి, తర్వాత మోగటం గూడా మానేసింది. ఊళ్ళో మరో యిద్దరు మాత్రం, వాళ్ళు గూడా అడ్వాన్సు యిచ్చినవాళ్ళే, వసారాలోకి వచ్చి ఆ బల్బు మళ్ళీ వెలిగించి చూపించమన్నారు. చూపించాను. రెండోసారి నాలుగు గంటల నలభై నిమిషాలు వచ్చింది. బ్యాటరీలు యిప్పుడు పెదనాన్న యింట్లో కరెంటు పోయినప్పుడు దీపానికి పనికివస్తున్నాయి. కాయిలు తిరిగి నందిగామ తీసుకువెళ్తే, మేస్త్రి తీగ విప్పించి, రాగి తూకానికి కొనుక్కొన్నాడు. మజూరీ మాత్రం పట్టుకోలేదు.