పసిబిడ్డల్లో కుదుపులు – చికిత్స

మూడు నెలలు దాటి సంవత్సరం లోపు వయసున్న మీ బిడ్డ నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి, చేతులు చాచి ఉలిక్కిపడుతున్నాడా? కుదుపు ఒకటి రెండు సెకన్లే ఉంటుంది, కాని వెంట వెంటనే వరుసగా వస్తుంది. కడుపునొప్పి అనుకొని గ్రైప్‌వాటర్ పట్టేవారు, జడుసుకున్నాడని తాయెత్తు కట్టించేవారు చాలామంది. ఇది ఒక రకమైన మూర్ఛవ్యాధి. దీనిని ఇన్‌ఫెంటైల్ స్పాజమ్స్ అంటారు. 1841లో డాక్టర్ వెస్ట్ అనే ఇంగ్లండు వైద్యుడు తన సొంత కొడుకుకు వచ్చిన ఈ జబ్బును గురించి వ్రాశాడు. అప్పట్లో దీనికి పనిచేసే మందు లేదు.

చికిత్స ఆలస్యమైన కొద్దీ బిడ్డ తెలివితేటలు, ఎదుగుదల దెబ్బతింటాయి. నవ్వే బిడ్డ నవ్వడం మానేయవచ్చు, నిలిపిన మెడ వాల్చేయవచ్చు. కాబట్టి పండుగ వెళ్ళాక చూద్దాం అనుకోకండి. కుదుపులను సెల్‌ఫోనులో వీడియో తీసి తీసుకురండి. డాక్టరు ఎదుట అవి రాకపోవచ్చు. ఇ.ఇ.జి. పరీక్షలో తలకు తీగలు అంటిస్తారు. అది కరెంటు పెట్టడం కాదు, నొప్పి ఉండదు.

మామూలు ఫిట్స్ మందులు దీనికి అంతగా పనిచేయవు. ముఖ్యమైనవి ఎ.సి.టి.హెచ్. ఇంజెక్షన్లు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు, విగాబాట్రిన్. ఒంటిపై తెల్లమచ్చలతో వచ్చే ట్యూబరస్ స్క్లెరోసిస్ జబ్బు ఉన్న బిడ్డకు సాధారణంగా విగాబాట్రిన్ ముందు ఇస్తారు. అది చూపు పరిధిని తగ్గించే అవకాశం ఉంది గనుక అవసరానికి మించి వాడరు, కళ్ళ పరీక్షలు చేయిస్తారు. కొందరికి రెండు రకాలూ కలిపి ఇస్తారు.

స్టెరాయిడ్ అనగానే కుటుంబంలో పెద్దలు భయపడతారు. ముఖం ఉబ్బడం, ఆకలి, చిరాకు, బి.పి. పెరగడం నిజమే. అవి చాలావరకు మందు తగ్గించాక పోతాయి. మెదడుకు జరిగిన నష్టం అలా పోదు. అయితే మందు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. డాక్టరు చెప్పినట్లు కొంచెం కొంచెంగా తగ్గించాలి. జ్వరం వచ్చినా, ఇంటిలో ఎవరికైనా ఆటలమ్మ, తట్టు సోకినా వెంటనే తెలియజేయండి. పోలియో చుక్కలు, టీకాలు వేయించే ముందు అడగండి.

రెండు వారాల్లో మందు పనిచేసిందో లేదో చాలావరకు తెలుస్తుంది. కుదుపులు సగం తగ్గాయని తృప్తి పడవద్దు, పూర్తిగా ఆగాలి. ఇ.ఇ.జి. కూడా బాగుపడాలి. లేకుంటే మందు మారుస్తారు. కొందరికి కొవ్వు ఎక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం, మెదడులో ఒకేచోట లోపం ఉంటే ఆపరేషన్ ఉపయోగపడతాయి.

కుదుపులు ఆగిన బిడ్డలందరూ ఒకేలా ఎదగరు. పుట్టినప్పుడు ఊపిరి అందక, లేక రక్తంలో చక్కెర పడిపోయి మెదడు దెబ్బతిన్న బిడ్డకు ఫిజియోథెరపీ చాలాకాలం కావాలి. ఆగినవి తిరిగి రావచ్చు కూడా. ఒక్క వరుస కనిపించినా తరువాతి తేదీ వరకు ఆగక, మందుల చీటీతో సహా బిడ్డను తీసుకురండి.