పాత పంకా స్థానమున క్రొత్త దీపము

పైకప్పునుండి పాత పంకాను దించి, ఆ తీగలకే ఒక దీపమును అమర్చుట చూచుటకు స్వల్పకార్యము. అయినను గృహవిద్యుత్తును గురించి మనము తరగతిలో చదివినదంతయు ఆ రెండు తీగల వద్ద పరీక్షకు వచ్చును. అందుచేతనే ఈ చిన్న పనిని మేము పాఠ్యాంశముగా గ్రహించితిమి. ఉర్దూ శాఖ మిత్రులు "పంఖా" అందురు. తెలుగువారి "పంకా"యు ఆ మాటయే కనుక పేరు విషయమున మనకు తగవు లేదు.

మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. శరీర నిరోధమును సుమారు 1000 ఓములుగా గణించినచో, ఓం సూత్రము ననుసరించి 230 మిల్లీ ఆంపియర్లు మన గుండా ప్రవహించును. ప్రాణరక్షణకై నేడు అమర్చు లీకేజి బ్రేకరు 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోవును. పాత బోర్డులోని 5 ఆంపియర్ల ఫ్యూజు మాత్రము చలింపదు. అది తీగలను కాపాడును గాని మనిషిని కాపాడదు.

"స్విచ్చి ఆర్పితిమి గదా" అని నిచ్చెన ఎక్కువారు పలువురు. స్విచ్చి ఒక్క తీగను మాత్రమే తెంచును. ఆ తీగ ఫేజు కావలెను. పాత ఇండ్లలో అజాగ్రత్తవలన స్విచ్చి న్యూట్రలు తీగలో ఉండుట కద్దు. అప్పుడు పంకా ఆగును. పైకప్పు వద్ద ఫేజు సజీవముగనే ఉండును. కావున మెయిన్ స్విచ్చి దించి, ఫ్యూజు పింగాణీ బిళ్ళను ఊడదీసి జేబులో ఉంచుకొనుట ఉత్తమము. ఇతరులెవ్వరును తెలియక తిరిగి పెట్టుటకు వీలుండదు.

పాత బోర్డులలో న్యూట్రలుకు కూడ ఫ్యూజు ఉండెడిది. అది కాలినచో ఇంట దీపములన్నియు ఆరును, ఫేజు తీగలో విద్యుత్తు నిలిచియే ఉండును. చీకటి చూచి విద్యుత్తు లేదని నమ్మరాదు. టెస్టరును కూడ ఊరక నమ్మరాదు. మొదట విద్యుత్తు ఉన్నదని తెలిసిన చోట వెలుగుచున్నదా అని చూచి, పిదప పని చేయు తీగలను తాకించి, మరల మొదటి చోట పరీక్షింపవలెను.

పంకాను దించుటకు ఇరువురు అవసరము. ఒకరు బరువును మోయుచుండగా మరొకరు తీగలు విప్పి, కొక్కెము వద్ద పిన్ను తీయవలెను. ఏండ్ల తరబడి వేడికి ఎండిన రబ్బరు తొడుగు వంచగనే పొడియై రాలినచో, అచ్చట దీపము తగిలించు ఆలోచన మాని తీగ మార్పించుటయే మేలు. 1956 నాటి భారత విద్యుత్ నియమావళి దీపములు, పంకాలు, ఫ్యూజుల వంటివాని మార్పునకు మినహాయింపు ఇచ్చి, వైరింగు పనిని లైసెన్సుదారునకు విడిచినది. ఆ విభజన సమంజసమని మా అభిప్రాయము.

అందరును మరచునది రెగ్యులేటరు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు విద్యుత్ తరంగమున కొంత భాగమును కోసివేయును. సాధారణ ఎల్.ఇ.డి. దీపము దానివలన మిణుకు మిణుకుమనుచు త్వరలో చెడును. కావున విద్యుత్తు ఆర్పియుండగనే రెగ్యులేటరును తొలగించి, దాని రెండు తీగలను కనెక్టరులో ఒకటిగా బిగింపవలెను. పైన ఫేజును, న్యూట్రలును దీపపు గుర్తుల ప్రకారము కలుపుటయే మిగిలిన పని. దీపమునకు లోహపు తొడుగున్నచో ఎర్తు తీగ తప్పనిసరి. పాత పంకా చోట అది తరచుగా ఉండదు. అట్టిచోట తయారీదారు ఎర్తు అక్కరలేదని గుర్తు వేసిన ప్లాస్టిక్ దీపమునే ఎన్నుకొనవలెను.

అంతయు ముగిసిన పిదప, రాత్రివేళ స్విచ్చి ఆర్పినను దీపము సన్నగా వెలుగుచుండుట కొన్ని ఇండ్లలో కనబడును. స్విచ్చిలో సూచిక దీపమున్నచో దాని గుండా పోవు స్వల్ప ప్రవాహము కారణము కావచ్చును. అది లేనిచో స్విచ్చి న్యూట్రలులో ఉన్నదేమోనని అనుమానించి, మెయిన్ దించి, బోర్డు విప్పించి చూడవలెను.