చేతులు చెప్పిన మాట

పదిమంది కలిసి పనిచేసే చోట మాట అత్యవసరమైన పనిముట్టు. అయితే అది అందరి చేతికీ సమానంగా అందదు. ఏ కార్యాలయంలోనైనా సమావేశం జరిగే తీరును గమనించండి. పెద్ద పదవిలో ఉన్నవారు ముందుగా మాట్లాడతారు. వాగ్ధాటి కలవారు వారిని అనుసరిస్తారు. కొత్తగా చేరిన ఉద్యోగి తల ఊపి ఊరుకుంటాడు. యంత్రం దగ్గర నిలబడి పనిచేసేవాడికి తెలిసిన లోపం తీర్మానాల పుస్తకంలోకి ఎక్కదు. సభ ముగిసిన తరువాత వరండాలో మాత్రమే అసలు మాటలు వినిపిస్తాయి.

ఈ చిక్కును విప్పడానికి ఒక బొమ్మల సంస్థ తన బొమ్మలనే సాధనంగా చేసుకొన్నది. డెన్మార్క్ దేశంలోని బిల్లుండ్ అనే చిన్న ఊరిలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మల తయారీ ప్రారంభించాడు. డేనిష్ భాషలో ‘చక్కగా ఆడుకో’ అనే అర్థమిచ్చే రెండు మాటలను కుదించి ‘లెగో’ అని తన సంస్థకు పేరు పెట్టాడు. ఒకదానికొకటి బిగుసుకొనే ప్లాస్టిక్ ఇటుకలు తరువాతి కాలంలో ఆ సంస్థకు విశ్వఖ్యాతి తెచ్చాయి. ఎనిమిదేసి బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరింటిని 91 కోట్లకు పైగా విధాలుగా కూర్చవచ్చునట!

1990ల మధ్యకాలంలో వ్యవస్థాపకుని మనుమడు కెల్ కిర్క్ సంస్థాధిపతిగా ఉండేవాడు. తమ ప్రణాళికా సమావేశాలలో కొత్త ఆలోచనలు పుట్టడం లేదన్న అసంతృప్తి ఆయనది. స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగరంలో, ఐ.ఎం.డి. విద్యాసంస్థలో ఆచార్యులుగా ఉన్న యోహాన్ రూస్, బార్ట్ విక్టర్‌లు ఈ ఇటుకలనే పెద్దల చేతికిచ్చి చూశారు. రాబర్ట్ రాస్ముసెన్ మొదలైనవారు ఆ ప్రయోగాన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. అదే ‘లెగో సీరియస్ ప్లే’. 2010లో సంస్థ దాని మూలసూత్రాలను అందరూ వాడుకొనేందుకు విడిచిపెట్టింది.

నిర్వాహకుడు ఒక ప్రశ్న వేస్తాడు. ‘మీ పనికి అడ్డుపడుతున్నదేమిటి?’ అన్నది ప్రశ్న అనుకొందాం. అందరూ మౌనంగా, నియమిత సమయంలో, తమ సమాధానాన్ని ఇటుకలతో నిర్మించాలి. తరువాత ప్రతి ఒక్కరూ తమ నిర్మాణం గురించి చెప్పాలి. చూసేవారు నిర్మాణాన్ని గురించి మాత్రమే ప్రశ్నించాలి, మనిషిని నిలదీయకూడదు. దాని అర్థం నిర్ణయించే హక్కు నిర్మించినవానిదే. ఒక గుమాస్తా ఎత్తైన గోపురం కట్టి, దానిపై అధికారి బొమ్మను నిలిపి, నిచ్చెన పెట్టకుండా వదిలాడనుకొందాం. ‘మీరు మాకు అందుబాటులో లేరు’ అని ముఖాముఖి అనలేని మనిషి, ‘ఈ గోపురానికి నిచ్చెన లేదు’ అని నిర్భయంగా అనగలడు. అధికారి కూడా కోపగించుకోకుండా ఆ గోపురం వైపు చూడగలడు.

అలంకారాలు చదివిన విద్యార్థులకు ఇది కొత్త కాదు. ఉపమేయానికీ ఉపమానానికీ అభేదం చెప్పడం రూపకం. సంసారమే సాగరమైనట్లు ఇక్కడ కార్యాలయమే గోపురమయింది. కవి పదాలతో సాధించిన దానిని ఈ ఉద్యోగి ఇటుకలతో సాధించాడు. కావ్యశాస్త్రం ఉద్యోగానికి పనికిరాదనేవారు దీనిని గమనించాలి.

అయితే ఆటకు కొన్ని హద్దులున్నాయి. బలవంతంగా ఆడించేది ఆట కాదు, అదనపు చాకిరీ. అధికారి ముందుగా తన నిర్మాణాన్ని వివరిస్తే, మిగిలినవారి గోపురాలు అదే దిక్కుకు వంగుతాయి. చాలని జీతాన్నీ, అన్యాయమైన బదిలీనీ ఏ బొమ్మా సరిచేయలేదు.

చివరి ఘట్టంలో అందరి నిర్మాణాలనూ ఒకే బల్లపైకి చేర్చి, ఏది దేనికి దగ్గరగా ఉండాలో చర్చిస్తారు. అప్పుడు అధికారి కూడా గుమాస్తా గోపురంపై నిచ్చెన పెట్టాలంటే, ముందుగా అతని అనుమతి అడగవలసిందే.