సింధూర వృక్షము క్రింద

పఠనభాగము: ఆదికాండము 24:59, 35:8

మగ్గములను మిల్లులను నమ్ముకొని తెలంగాణ జిల్లాలనుండి సూరతు పట్టణమునకు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు. అక్కడనేమి, మరియొక పట్టణముననేమి, పిల్లలు పనికి పోయిన వేళ వృద్ధ విధవరాలికి మందు అందించి, ఉత్తరము చదివి వినిపించు సహాయకురాలు ఆ యింట ఎవరు? జీతగత్తెయా, ఆత్మీయురాలా? ఈ ప్రశ్న రాజగృహమునకును తప్పలేదు.

1615లో ఆంగ్ల రాయబారి సర్ థామస్ రో మొగలు చక్రవర్తి దయ కోరుచు సూరతులో దిగెను. 272 సంవత్సరముల తరువాత, 1887లో, అదే ఆంగ్లరాజ్యపు రాణియైన విక్టోరియాకు సేవచేయుటకు ఆగ్రానుండి అబ్దుల్ కరీము అను యువకుడు ఓడయెక్కెను. రాణి 1861లోనే భర్తయైన ఆల్బర్టును పోగొట్టుకొనెను. మొదట భోజనపు బల్లయొద్ద నిలిచిన కరీము త్వరలోనే ఆమెకు హిందుస్తానీ నేర్పు మున్షీ ఆయెను. పిమ్మట ఆమె భారతీయ కార్యదర్శి ఆయెను. ఆమె మరణకాలము సమీపించువరకు ఆ పాఠములను స్వహస్తముతో వ్రాసికొనెను. అతనికి వ్రాసిన ఉత్తరములలో తన్ను తల్లిగా చెప్పుకొనెను.

ఇది కొలువువారికి కంటగింపాయెను. కరీము గౌరవములను ఆశించిన మాట నిజమే. అయితే వారి కోపములో వర్ణద్వేషమును కలిసియుండెను. 1901 జనవరి 22న రాణి కన్నుమూసెను. శవపేటిక మూయకమునుపు కడసారి చూచుటకు అతనికి సెలవు దొరకెను. కొద్ది దినములకే, క్రొత్త రాజైన ఏడవ ఎడ్వర్డు ఆజ్ఞచొప్పున, ఆమె వ్రాసిన ఉత్తరములను అతని యింటనుండి తీసికొని కాల్చివేసిరి. అతనిని స్వదేశమునకు పంపివేసిరి. అతడు 1909లో ఆగ్రాలో మరణించెను.

ఇప్పుడు మన పఠనభాగము చూడుడి. రిబ్కా పెండ్లికుమార్తెయై పుట్టినిల్లు విడిచినప్పుడు ఆమె దాది వెంట వచ్చెను. అక్కడ ఆ దాది పేరైనను వ్రాయబడలేదు. ఏండ్లు గడచిన తరువాత, యాకోబు ప్రయాణములో ఆమె మరణించినప్పుడు దెబోరా అను పేరు మనకు తెలియుచున్నది. బేతేలు దిగువనున్న సింధూర వృక్షము క్రింద ఆమెను పాతిపెట్టిరి. ఏడ్పును జ్ఞాపకము చేయు పేరు ఆ చెట్టుకు పెట్టిరి. రిబ్కా మరణమును వర్ణింపని గ్రంథము ఆమె దాది మరణమును మరువలేదు.

ప్రియ చదువరీ, సహాయకురాలిపట్ల మన ప్రేమ ఎట్టిదో అమ్మ బ్రదికియున్నప్పుడు పూర్తిగా తెలియదు. అమ్మను సాగనంపిన మరునాడు తెలియును. ఆమెకు రావలసిన జీతము నిలుపకుడి. అమ్మ ప్రేమతో ఇచ్చిన చీరను అనుమానముతో వెదకకుడి. దుఃఖించుటకు ఆమెకును చోటియ్యుడి. వృద్ధులైన తల్లులారా, మీరు ఇయ్యదలచినది పిల్లలు ఎరుగునట్లు ఇప్పుడే తేటగా చెప్పుడి. రహస్యము అసూయకు త్రోవయగును.

ఆలోచించుటకు:
1. మీ యింట సేవచేయువారి పూర్తి పేరు, స్వగ్రామము మీరెరుగుదురా?
2. వారు వృద్ధులైనప్పుడు వారికి మందు అందించువారెవరు?