పాఠం 16: నాకు రావలసిన జీతం

ఈ పాఠంలో
• పనిచేసే చోట విసుగు, కోపం, అన్యాయం గురించి మాట్లాడే మాటలు నేర్చుకుంటాం.
• "రావలసిన" అనే రూపాన్ని వాడటం నేర్చుకుంటాం.
• పెద్దవాళ్లని గౌరవంగా, కానీ సూటిగా ఎలా అడగాలో చూస్తాం.

చదివే ముందు
మీరు ఎప్పుడైనా పనిచేసి డబ్బు అడగడానికి మొహమాటపడ్డారా? ఎవరి దగ్గర? ఎందుకు?

సంభాషణ 1: ఇంట్లో, రాత్రి పది గంటలకు

(డల్లాస్ దగ్గర ఒక ఊరు. తమ్ముడికి 17 ఏళ్లు. శని, ఆదివారాల్లో ఒక సరుకుల దుకాణంలో పనిచేస్తాడు. దుకాణం నాన్న స్నేహితుడిది. అక్క ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది.)

అక్క: ఏరా, దుకాణం తొమ్మిదికే మూసేస్తారుగా? ఇంత ఆలస్యమైందేం?
తమ్ముడు: మూశాక నేల తుడవాలి, కూరగాయల పెట్టెలు లోపల పెట్టాలి. ముప్పావు గంట పడుతుందక్కా.
అక్క: దానికి డబ్బులిస్తున్నారా?
తమ్ముడు: లేదు. "తొమ్మిదికే క్లాక్ అవుట్ చేసెయ్ నాన్నా, ఐదు నిమిషాల పనే" అంటారు అంకుల్. ఆరు వారాల నుంచి ఇదే వరస.
అక్క: నువ్వొక్కడివే చేస్తున్నావా?
తమ్ముడు: చాకిరీ అంతా నాదే. నాతో పనిచేసే అన్నయ్య ఎనిమిదిన్నరకే ఫోను పట్టుకుని వెనక గదిలోకి పోతాడు. అంకుల్ కనిపిస్తే మాత్రం తెగ కష్టపడుతున్నట్టు నటిస్తాడు. ఒళ్లు మండిపోతోంది!
అక్క: మా ఆఫీసులోనూ అంతే. నేను రెండు రాత్రులు కూర్చుని తయారుచేసిన రిపోర్టుని పక్క సీటాయన మీటింగులో తనదన్నట్టు చూపించాడు. మేనేజరు ఆయన్నే మెచ్చుకున్నాడు. సరే, నీ సంగతి చెప్పు. అంకుల్‌ని అడిగావా?
తమ్ముడు: ఎలా అడగను? చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పారు. ప్రతి ఉగాదికీ మనింటికొస్తారు.
అక్క: అందుకేగా, "ఎక్కడైనా బావ కానీ వంగతోట దగ్గర కాదు" అన్నారు! చుట్టరికం చుట్టరికమే, లెక్క లెక్కే.

(ఇంతలో వరంగల్ నుంచి అమ్మమ్మ ఫోను. అక్క సంగతంతా చెప్పింది.)

అమ్మమ్మ: పని చేయించుకున్నంక పైసలు ఇయ్యాలె గద బిడ్డా. అడగంది అమ్మయినా పెట్టదు. మంచిగ అడుగు.

సామెతల అర్థం
"బావా" అని పిలిచినంత మాత్రాన వంకాయలు ఉచితంగా కోసుకుపోవడం కుదరదు. మామూలుగా ఈ సామెతను తోట ఉన్నవాళ్లు అంటారు. ఇక్కడ అక్క పనిచేసినవాడి తరఫున అంది. తమ్ముడి సమయం కూడా తోట లాంటిదే. అమ్మమ్మ చెప్పిన సామెతకి అర్థం: మనకి కావలసింది మనమే నోరు తెరిచి అడగాలి.

అమ్మమ్మ మాటలు
అమ్మమ్మ తెలంగాణ తెలుగులో మాట్లాడింది. చేయించుకున్నంక = చేయించుకున్నాక. ఇయ్యాలె = ఇవ్వాలి. మంచిగ = చక్కగా.

భాష గమనించండి

1. తెలుగులో కోపం మనకి "వస్తుంది". నాకు కోపం వచ్చింది. నాకు విసుగొచ్చింది. నాకు చిరాగ్గా ఉంది. బాగా కోపంగా ఉంటే "ఒళ్లు మండిపోతోంది" అంటాం.

2. ఎవరు చేశారో చెప్పాలా, వద్దా? "రిపోర్టు తయారైంది" అంటే చేసిన మనిషి కనిపించడు. "రిపోర్టు నేను తయారుచేశానండి" అంటే కనిపిస్తాడు. పక్కసీటాయన మొదటి వాక్యం చాటున దాక్కున్నాడు. అక్క రెండో వాక్యం మేనేజరుతో చెప్పాలి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, జరిగింది చెప్పడమే.

3. ఈ మూడు వాక్యాలు పోల్చండి:
• మీరు నా డబ్బు ఎగ్గొట్టారు. (నింద)
• ఏమైనా ఇస్తే బాగుంటుంది. (ఇష్టమైతే ఇవ్వచ్చు, లేకపోతే లేదు)
• నాకు రావలసిన డబ్బు ఇస్తారా? (నింద లేదు, హక్కు ఉంది)
"ఇస్తారా" మర్యాదగా అడుగుతుంది. "రావలసిన" అన్న మాట ఆ డబ్బు ఎవరిదో చెబుతుంది. రెండూ ఒకే వాక్యంలో ఇమిడిపోయాయి.

మాట వెనక కథ: చాకిరీ, వెట్టిచాకిరీ

"చాకిరీ" అంటే పని, సేవ. విసుగ్గా ఉన్నప్పుడు ఎక్కువగా వాడతాం. విశ్రాంతి లేకుండా చేస్తే "గొడ్డు చాకిరీ". "వెట్టిచాకిరీ" మాత్రం చాలా బరువైన మాట. కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకునే పనిని వెట్టి అంటారు.

నిజాం పాలనలో తెలంగాణ పల్లెల్లో దేశ్‌ముఖ్‌లు, పటేళ్లు, పట్వారీలు పేద కులాలవారితో వెట్టి చేయించుకునేవారు. బట్టలుతకడం, కుండలివ్వడం, కట్టెలు మోయడం, పొలం పని, ఇలా ఏదైనా సరే. కాదనే వీలు ఉండేది కాదు. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణం. 1950లో అమల్లోకి వచ్చిన భారత రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. అప్పు పేరుతో మనిషిని పనికి కట్టిపడేసే పద్ధతిని రద్దు చేస్తూ 1976లో మరో చట్టం వచ్చింది.

తమ్ముడిది వెట్టి కాదు. నచ్చకపోతే అతను రేపే మానేయగలడు. వెట్టి మనిషికి ఆ దారి లేదు. అందుకే "వెట్టిచాకిరీ" అనే ముందు ఒకసారి ఆలోచించండి. తమ్ముడన్న "చాకిరీ" ఇక్కడ సరిపోతుంది.

తెలుసుకుందాం: అమెరికాలో చట్టం
• పని గంటలు, కనీస వేతనం గురించిన ఫెడరల్ చట్టం 1938లో వచ్చింది. దాని ప్రకారం యజమాని చేయించుకున్న పని సమయమంతా లెక్కలోకి వస్తుంది. క్లాక్ అవుట్ చేశాక చేయించుకున్న పని కూడా పనే.
• ఈ చట్టం వర్తించే గంటల జీతగాళ్లకి వారంలో 40 గంటలు దాటితే, దాటిన గంటలకి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి.
• టిప్పుల్లో యజమాని గానీ మేనేజరు గానీ వాటా తీసుకోకూడదని 2018లో చట్టంలో చేర్చారు.
• జీతం ఎంతో తోటి ఉద్యోగులతో మాట్లాడుకునే హక్కుని 1935 నాటి మరో చట్టం చాలామంది ఉద్యోగులకి ఇచ్చింది.
మీరు వేరే దేశంలో ఉంటే అక్కడి నియమాలేమిటో పెద్దవాళ్లతో కలిసి తెలుసుకోండి.

సంభాషణ 2: దుకాణంలో

తమ్ముడు: అంకుల్, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?
అంకుల్: చెప్పు నాన్నా.
తమ్ముడు: దుకాణం మూశాక ముప్పావు గంట శుభ్రం చేస్తున్నాను కదండీ. ఆరు వారాల్లో పన్నెండు రోజులు చేశాను. తేదీలు ఈ కాగితం మీద రాశాను. నాకు రావలసిన డబ్బు ఈసారి జీతంతో కలిపి ఇస్తారా?
అంకుల్: అరే, నువ్వూ లెక్కలు మొదలెట్టావా? మా ఇంట్లో పిల్లాడివనుకున్నాను!
తమ్ముడు: నేనూ అలాగే అనుకుంటానంకుల్. అందుకే ముందు మీ దగ్గరికే వచ్చాను.
అంకుల్: (కాగితం చూస్తూ) సరే, చూద్దాంలే.
తమ్ముడు: థాంక్సంకుల్. ఏ రోజు కనుక్కోమంటారు?

గమనించండి: "చూద్దాంలే" అంటే ఔననీ కాదు, కాదనీ కాదు. అందుకే తమ్ముడు రోజు అడిగాడు. గొంతు పెంచలేదు, "మీరు" మానలేదు, కాగితం వెనక్కి తీసుకోలేదు.

అభ్యాసం

1. తమ్ముడి జీతం గంటకి 12 డాలర్లు. రోజుకి ముప్పావు గంట చొప్పున 12 రోజులకి అతనికి రావలసిన డబ్బు ఎంత? లెక్క తెలుగులో చెప్పండి.

2. "రావలసిన" వాడి వాక్యాలు రాయండి: సెలవు, ఉత్తరం, మార్కులు.

3. చేసిన మనిషి కనిపించేలా మార్చండి:
• వంట అయిపోయింది.
• నేల శుభ్రమైంది.
• లెక్కల్లో తప్పు జరిగింది.
మూడో వాక్యం మార్చడం ఎందుకు కష్టంగా ఉందో చెప్పండి.

4. ఒళ్లు మండేలా చేసే ఆ "అన్నయ్య"తో తమ్ముడు ఏం మాట్లాడాలి? నాలుగు వాక్యాల సంభాషణ రాయండి. తిట్టకూడదు, సణగకూడదు.

5. రెండో సంభాషణ పూర్తి చేయండి. అంకుల్ ఏమన్నారు? ఆయన వైపు నుంచి కూడా ఆలోచించి రాయండి.

6. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి: "మీకు రావలసింది రానప్పుడు ఏం చేశారు? అడిగారా, ఊరుకున్నారా?" వాళ్ల జవాబుని వాళ్ల మాటల్లోనే రాసుకుని, తరగతిలో చదివి వినిపించండి.