కడలినుండి కొండకొమ్మునకు

ఈదుట, సైకిలు త్రొక్కుట, పరుగెత్తుట - ఈ మూటిని వరుసగా ఒకే దినమున నెరవేర్చు పందెమునకు ట్రయథ్లాన్ అని పేరు. నార్వే దేశమున 2003వ సంవత్సరమున మొదలైన నార్స్‌మన్ పందెము ఈ జాతిలోనిదే. దీనిని తలపెట్టినవాడు హోరెక్ స్ట్రాన్‌హైమ్. సముద్రమున మొదలై పర్వతమున ముగియుట దీని విశేషము.

తెల్లవారుజామున 5 గంటలకు పోటీదారులు ఓడపైనుండి హార్డాంగెర్ ఫ్యోర్డులోనికి, అనగా కొండల నడుమకు చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయలోనికి దుముకుదురు. 3.8 కిలోమీటర్లు ఈది, పీఠభూమి మీదుగా 180 కిలోమీటర్లు సైకిలుపై పోయి, పిమ్మట 42 కిలోమీటర్లు పరుగెత్తవలెను. 2015లో నీరు మిక్కిలి చల్లగా నుండుటచే ఈతదూరమును సగము చేసిరి.

దారిలో నిర్వాహకులు అన్నపానీయముల నొసగరు. ఎవరి సహాయకుని వారే తెచ్చుకొనవలెను. 1,883 మీటర్ల గౌస్తాటొప్పెన్ కొండపైకి ముందువచ్చిన 160 మందినే పోనిత్తురు. వారికి నల్లచొక్కా, క్రింద ముగించినవారికి తెల్లచొక్కా. ధనబహుమానము లేదు. ఒక చొక్కాకై ఇంత శ్రమయా యని మీరు నవ్వవచ్చును. 161వ స్థానమున వచ్చినవానికి మాత్రము నవ్వురాదు. గాలివాన హెచ్చినచో కొండదారినే మూయుదురు. ఒంటరిగా నెక్కుట నిషిద్ధము. వెచ్చని దుస్తులు, ఆహారము, దీపము గల సంచులు మోసికొని పోటీదారుడును సహాయకుడును ఆ రాతిబాటపై ప్రక్కప్రక్కన నడతురు.