తామర ఎందుకు తిరగబెడుతుంది?

తామర పురుగు కాదు, చర్మంపై పెరిగే బూజు. తాండూరు నాపరాళ్ళ పాలిషింగులో, కందిచేలలో చెమట బట్టలతో పనిచేసేవారికి తొడల మధ్య, నడుము చుట్టూ త్వరగా పట్టుకుంటుంది. చోటు అలాంటిది గనుక, ముఖ్యంగా స్త్రీలు, సిగ్గుపడి నెలల తరబడి దాస్తారు. ఈలోగా ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది.

మందుల దుకాణంలో అడిగి తెచ్చిన ట్యూబుతో రెండు రోజుల్లో దురద పోతుంది. మోసమంతా ఇక్కడే ఉంది. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు అణగుతుంది గాని బూజు చావదు, ఇంకా పాకుతుంది. ఇలాంటి పూతమందులు అనేకం డాక్టరు చీటీపైనే అమ్మాలని 2018లో కేంద్రం ఆదేశించింది. మామూలు మాత్రలకు తరచు లొంగని మొండి రకం ఒకటి మన దేశంలో వ్యాపించింది. దానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. అది ముఖ్యంగా మనిషి నుండి మనిషికే సోకుతుంది.

కాబట్టి అన్నిటికీ పిల్లిని నిందించకండి! అయినా పిల్లి, కుక్క, దూడల ఒంటిపై గుండ్రంగా వెంట్రుకలు రాలాయేమో చూడండి. పిల్లి పైకి బాగానే కనిపిస్తూ బూజును మోయగలదు. పశువైద్యునికి చూపించండి, తరిమేయనక్కరలేదు.

తామర ఉన్న వారందరూ ఒకేసారి చికిత్స మొదలుపెట్టాలి. తువ్వాళ్ళు ఎవరివి వారికే. లోదుస్తులు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయండి. మచ్చ పోయిందని మందు ఆపకండి. డాక్టరు చెప్పినన్నాళ్ళూ, మచ్చ అంచు దాటించి రాయండి. డాక్టరు వద్దకు వెళ్ళేటప్పుడు ఇదివరకు వాడిన ట్యూబులన్నీ వెంట తీసుకుపోండి.